ఓటున మించుట, వాదమున గెలుచుట

ఆంగ్లభాషలో ‘ఔట్‌వోట్’ అను నొక చిన్న క్రియ గలదు. సభలలో, సంఘములలో, న్యాయస్థానములలో, తుదకు సెలవులకు ఎచటికి పోవలెనని తర్కించుకొను కుటుంబములలో సైతము ఆంగ్లేయులు దీనిని వాడుదురు. ‘నేను ఔట్‌వోట్ అయితిని’ అని యొకడు చెప్పినచో, ‘నా పక్షమున ఓట్లు తక్కువ పడినవి, ఎదుటిపక్షమున ఎక్కువ పడినవి’ అని మాత్రమే యర్థము. తాను పొరబడితినని గాని, తన వాదము ఖండింపబడెనని గాని, తన యభిప్రాయమును మార్చుకొంటినని గాని యతడు చెప్పుట లేదు. మనలో ఈ మాటను తరచుగా ‘ఓడించుట’ యని తెనుగు చేయుచుందుము. దానిచే నీ సన్నని భేదము మరుగుపడుచున్నది. ఓడినవాడు నోరు మూసుకొనవలెననియు, గెలిచినవాడు సత్యమును గూడ గెలుచుకొనెననియు నొక భ్రమ ప్రబలుచున్నది. ప్రజాపరిపాలనమునకు ఇంతకన్న చేటైన భ్రమ మరియొకటి లేదు. కావున నీ క్రియను గూర్చి కొంత విచారించుట అప్రస్తుతము కాదని తలచుచున్నాము.

మొదట మాట పుట్టుకను జూతము. ‘వోట్’ అను శబ్దము లాటిను భాషలోని ‘వోతుమ్’ నుండి వచ్చినది. మ్రొక్కు, కోరిక యని దాని యర్థములు. దైవమునకు మ్రొక్కుటకును సభలో చేయి యెత్తుటకును మూల మొక్కటియే. ఇక ‘ఔట్’ అను ఉపసర్గము. విడిగా నున్నప్పుడు అది ‘వెలుపల’ యను నర్థము నిచ్చును. క్రియకు ముందు చేరినప్పుడు మాత్రము పలుచోట్ల ‘మించుట’ యను నర్థము నిచ్చును. ‘ఔట్‌రన్’ అనగా పరుగున మించుట. ‘ఔట్‌లివ్’ అనగా ఆయువున మించుట. ‘ఔట్‌నంబర్’ అనగా సంఖ్యలో మించుట. ‘ఔట్‌బిడ్’ అనగా వేలములో మించి పాడుట. అన్నకంటె పదియేండ్లు ఎక్కువ బ్రదికిన తమ్ముడు అన్నను ఓడించినవాడు కాడు. వేలములో మించి పాడినవానికి వస్తువు దక్కును. అంతమాత్రమున వస్తువు విలువ వానికే బాగుగా తెలియునని యెవరును అనరు. ‘ఔట్‌వోట్’ సైతము ఈ కుటుంబములోనిదే. ఓట్లలో మించుట యనుటయే దానికి సరియైన తెనుగు. మించినవారికి నిర్ణయము దక్కును. అంతకుమించి ఆ మాట వారికేమియు ఇచ్చుట లేదు.

ఈ సందర్భమున మన భాషలోని వింత యొకటి చెప్పవలసియున్నది. హిందీ, కన్నడ భాషలవారు ఓటునకు ‘మత’ శబ్దమును వాడుదురు. సంస్కృతమున మతమనగా తలపు, అభిప్రాయము. తెనుగున మతమన్నతోడనే దేవుడును పూజయు తలపునకు వచ్చును గాన, ‘మతదాన’ మను మాట మనకు పనికిరాలేదు. ఆంగ్లపదమునే ‘ఓటు’గా దిద్దుకొంటిమి. ఆ భాషలలో ‘బహుమత’ మనగా అధికసంఖ్య. సంస్కృతమున ‘బహుమతుడు’ అనగా మిక్కిలి గౌరవింపబడినవాడు. తెనుగున ‘బహుమతి’ యనగా పందెమున గెలిచినవానికి ఇచ్చు కానుక. ఒకే మూలమునుండి సంఖ్యయు, గౌరవమును, కానుకయు మూడును పుట్టినవి. ఎక్కువ ఓట్లు పొందినవారు సంఖ్యతోపాటు తక్కిన రెండును తమవేయని తలచుట మానవస్వభావము. ‘ఔట్‌వోట్’ అను క్రియ మాత్రము సంఖ్యయొద్దనే ఆగిపోవును.

వ్యాకరణరీత్యా మరియొక విశేషము గలదు. మనము తెనుగున ‘తీర్మానము నెగ్గెను’, ‘తీర్మానము వీగిపోయెను’ అందుము. నెగ్గుటయు వీగుటయు తీర్మానమునకే కాని మనుష్యులకు గాదు. ఇది మంచి సంప్రదాయమే. ఆంగ్లక్రియకు మాత్రము కర్మస్థానమున మనుష్యులుందురు. తీర్మానమును ఎవరును ఔట్‌వోట్ చేయరు. దానిని పలికిన మనుష్యులనే చేయుదురు. కావుననే ఈ క్రియ మనముందు ఒక ప్రశ్న నిలుపును: ఓట్లలో తగ్గిన యా మనుష్యుడు మరునాడు ఎచట నుండును? తీర్మానము వీగిన పిమ్మట దానిని చిత్తుకాగితముల బుట్టలో వేయవచ్చును. మనుష్యుని వేయరాదు గదా!

ఆంగ్లము నేర్చువారు ‘ఔట్‌వోట్’ అనుదానిని ‘వోట్ ఔట్’ అనుదానితో కలిపివేయుట కద్దు. ముక్కలు రెండును అవియే; వరుస మారినంతనే యర్థము మారిపోవును. ‘వోట్ ఔట్’ అనగా ఓట్లతో పదవినుండి వెలుపలికి పంపుట. ఈ రెంటికిని గల దూరమును మన లోకసభయే చూపినది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వము విశ్వాస తీర్మానముపై 269 ఓట్లు పొందగా, ప్రతిపక్షమునకు 270 వచ్చినవి. ఒక్క ఓటుతో ఆయన పక్షము ఔట్‌వోట్ అయినది. ఆ యేటనే జరిగిన సాధారణ ఎన్నికలలో ప్రజ లాయనను మరల ప్రధానిని చేసిరి. అనగా వోట్ ఔట్ చేయలేదు. దీనికి విపర్యయమైన దృష్టాంతము బ్రిటిషు పార్లమెంటులో గలదు. నార్వే యుద్ధవ్యవహారముపై 1940 మే 8న కామన్సు సభ ఓటు తీయగా, చేంబర్లేను ప్రభుత్వమునకు 281, వ్యతిరేకముగా 200 వచ్చినవి. 81 ఓట్ల ఆధిక్యమున్నను, మామూలుగా 200 పైబడియుండవలసిన ఆధిక్యము అంతగా క్రుంగుటచే, ఆయన రెండు దినములలో ప్రధానిపదవి వదలుకొనెను. ఒకచోట ఓట్లలో తగ్గినవారు తిరిగి నిలిచిరి. మరియొకచోట ఓట్లలో మించినవారు పడిపోయిరి. లెక్కయే సర్వస్వమని నమ్మువారు ఈ రెండు తేదీలను జ్ఞప్తియందుంచుకొనవలెను.

అట్లే ‘ఓవర్‌రూల్’, ‘వీటో’ అను మాటలను దీనితో కలుపరాదు. అవి అధికారముచే త్రోసివేయుటకు సంబంధించినవి. 1923లో భారత ప్రభుత్వము ఉప్పుపన్నును మణుగునకు 1 రూపాయి 4 అణాలనుండి 2 రూపాయల 8 అణాలకు పెంచదలచెను. కేంద్ర శాసనసభ దానిని నిరాకరించెను. వైస్రాయి రీడింగు ప్రభువు తన ప్రత్యేకాధికారముచే సర్టిఫై చేసి ఆ పన్నును నిలబెట్టెను. ఆయన సభను ఔట్‌వోట్ చేయలేదు. ఆ సభలో ఆయనకు ఓటే లేదు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో 15 మంది సభ్యులుండగా, 14 మంది ‘ఔను’ అన్నను ఒక్క శాశ్వతసభ్యుని ‘కాదు’ తీర్మానమును ఆపివేయును. ఆ యొక్కరును పదునలుగురిని ఓట్లలో మించినవారు కారు. అధికారముచే గెలిచినదానిని సంఖ్యచే గెలిచినట్లు చెప్పుట అసత్యము.

ఇంతకంటె సూక్ష్మమైన మోసము వేరొకటి గలదు. అది పేరునకు ఓటు, నిజమునకు ఆజ్ఞ. 1909 నాటి మింటో–మార్లే సంస్కరణలలో కేంద్ర శాసనమండలియందు ప్రభుత్వోద్యోగుల ఆధిక్యమును చట్టమే కాపాడి యుంచెను. 1919 మార్చిలో రౌలట్ బిల్లు ఆ మండలి ముందుకు వచ్చినప్పుడు భారతీయులైన అనధికార సభ్యులు దానిని ఒక్కకంఠముతో ఎదిరించిరి. అయినను బిల్లు నెగ్గెను. నిఘంటువు ననుసరించి వారు ఔట్‌వోట్ అయినారనియే చెప్పవలెను. కాని యా దినమున చేతులెత్తిన ఉద్యోగులు వాదము విని మనసు నిశ్చయించుకొనుటకు వచ్చినవారు కారు, లెక్కకు వచ్చినవారు. జిన్నా, మదనమోహన మాలవ్యా, మజహరుల్ హక్ తమ సభ్యత్వములకు రాజీనామాలిచ్చి వెలుపలికి వచ్చిరి. ఎంత వాదించినను ఒక్క ఓటైనను కదలదని ముందే తెలిసిన సభలో కూర్చుండుట నిరర్థకమని వారు గ్రహించిరి. ఆ వసంతమున దేశమంతట రేగిన ఆందోళనము ఓట్లలెక్కపై గాదు. లెక్క పేరిట జరిగిన వంచనపై.

ఈ పాఠమును స్వతంత్ర భారతము మరువరాదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణము మూలమున పదవ షెడ్యూలు ఏర్పడినది. పార్టీ ‘విప్’నకు విరుద్ధముగా ఓటు వేసిన సభ్యుడు తన స్థానమును గోల్పోవు ప్రమాదములో పడును. గోడదూకుళ్లు హద్దుమీరిన కాలమున అట్టి చట్టము వచ్చుట సహేతుకమే. అయినను దానికి మనము చెల్లించిన మూల్యమును గుర్తింపవలెను. చర్చ ప్రారంభము కాకమునుపే ఓట్ల ఫలితము తెలిసియున్నచో, సభలో ప్రసంగించువాడు ఎవరిని ఒప్పించుటకు ప్రసంగించుచున్నాడు? ఓటు వేయువానికి మనసు మార్చుకొను స్వేచ్ఛ యున్నప్పుడే ‘ఔట్‌వోట్’ అను మాట తన పూర్ణార్థముతో చెల్లును.

ఆ పూర్ణార్థమునకు నిదర్శనము కావలెనన్నచో మన జాతీయోద్యమమునందే గలదు. 1920 సెప్టెంబరులో కలకత్తాలో జరిగిన ప్రత్యేక కాంగ్రెసులో గాంధీజీ సహాయనిరాకరణ తీర్మానమును చిత్తరంజన్ దాసు ఎదిరించి ఓట్లలో తగ్గెను. డిసెంబరులో నాగపురమున ఆ తీర్మానమును ఆయనయే ప్రతిపాదించెను. తగ్గినవాడు ఆలోచించి కలిసివచ్చెను. 1922 డిసెంబరులో గయ కాంగ్రెసునకు ఆయనయే అధ్యక్షుడు. శాసనసభలలో ప్రవేశింపవలెనని ఆయన వాదింపగా, రాజగోపాలాచారి ప్రభృతులు ప్రతిఘటించిరి. 1,748 ఓట్లు ఆయనకు వ్యతిరేకముగా, 890 అనుకూలముగా వచ్చినవి. అధ్యక్షుడు తన సభలోనే ఔట్‌వోట్ అయినాడు. ఆయన అధ్యక్షపదవి వదలెను, కాంగ్రెసును వదలలేదు. మోతీలాల్ నెహ్రూ మొదలగువారితో కాంగ్రెసులోపలనే స్వరాజ్యపక్షమును నెలకొల్పి, తన వాదమును ఊరూర వినిపించెను. తొమ్మిది మాసములు తిరుగకమునుపే 1923 సెప్టెంబరులో ఢిల్లీ ప్రత్యేక కాంగ్రెసు శాసనసభా ప్రవేశమునకు అనుమతి నొసగెను. ఆ డిసెంబరులో మన కాకినాడ కాంగ్రెసు ఆ రాజీని స్థిరపరచెను. గయలో వచ్చిన 858 ఓట్ల తేడా దాసుగారి వాదమును చంపలేదు, వాయిదా వేసినది. సంస్థ ఆయనకు చోటు మిగిల్చెను; ఆయన సంస్థకు విశ్వాసము మిగిల్చెను. రెండు పక్షముల మర్యాదయు నిలిచినది.

అన్నివేళల అట్లు జరుగలేదని ఒప్పుకొనుట న్యాయము. 1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాస్ చంద్రబోసును మన పట్టాభి సీతారామయ్యగారును పోటీపడగా, బోసు సుమారు 200 ఓట్ల ఆధిక్యముతో నెగ్గెను. మార్చిలో త్రిపురి కాంగ్రెసున, గాంధీజీ అభీష్టము ననుసరించియే కార్యవర్గమును నియమింపవలెనను పంతుగారి తీర్మానము నెగ్గెను. ఎన్నికలో గెలిచిన అధ్యక్షుడు రెండు మాసములలో మహాసభలో ఓట్లలో తగ్గెను. ఏప్రిల్ నెలాఖరున రాజీనామా నిచ్చెను. ఆగస్టునాటికి కాంగ్రెసులో ఎన్నిక కావలసిన పదవులకు మూడేండ్లపాటు అనర్హుడయ్యెను. తప్పొప్పుల పంపకము ఇచట మా పని గాదు. ఒక్కటి మాత్రము చెప్పుదుము: దాసుగారికి మిగిలిన చోటు బోసునకు మిగులలేదు. అందువలన నష్టపడినది ఓట్లలో తగ్గినవాడు మాత్రమే కాదు. ఇక పట్టాభిగారు? ఆనాడు ఓడినవారు 1948లో అదే పదవికి ఎన్నికై జయపుర కాంగ్రెసునకు అధ్యక్షులైరి. చోటు మిగిలినచో కాలము మిగిలినదానిని చక్కబెట్టును.

కాని కాలము చక్కబెట్టలేని తావు లొకకొన్ని గలవు. అభిప్రాయమును బట్టి పక్షము లేర్పడినచోట నేటి తక్కువవారు రేపటి ఎక్కువవారు కావచ్చును. పుట్టిన గడ్డను బట్టి పక్షము లేర్పడినచోట లెక్క ఎన్నటికిని మారదు. ఈ బాధ తెనుగువారికి చదివి తెలిసికొనవలసినది గాదు. 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరుగుటకు కారణము, ఆంధ్రరాష్ట్రమున సర్కారు జిల్లాల సంఖ్యాబలము ముందు తమ మాట చెల్లదేమోయను రాయలసీమవారి భయమే. 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము తెలంగాణపు జంకును గుర్తించి నివేదికలో వ్రాసినది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందము ఆ జంకునకు ఔషధముగా తలపెట్టినదే. ఒప్పందము అమలు గాలేదను ఆవేదన 1969లో ఉద్యమమైనది. 2009 నాటి శాసనసభ స్థానములను లెక్కింపుడు: మొత్తము 294; అందు తెలంగాణకు 119, తక్కినవారికి 175. ఏ ప్రశ్నపై ప్రాంతములవారీగా ఓట్లు చీలినను 119 ఎన్నడును 175ను మించనేరదు. ఇక రెండవవైపు చూడుడు. 2014 జనవరిలో ఆ శాసనసభ విభజన బిల్లును నిరాకరించుచు మూజువాణి ఓటుతో తీర్మానించెను. ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లును ఆమోదించెను. 543 స్థానముల లోకసభలో ఆంధ్ర, రాయలసీమలకు గలవి 25. ఆనాడు లెక్కకు లోబడవలసినవారు వారు. ఇరువురు అన్నదమ్ములును వేరువేరు సభలలో ఒకే చేదును చవిచూచిరి. 2014 జూన్ 2 పిమ్మట ఎవరి యిల్లు వారిదైనను, ఆ రుచి మరువకుండుట ఉభయులకును మేలు. తమ హద్దులలోని చిన్న ప్రాంతములయెడ, చిన్న భాషలయెడ మెలగునప్పుడు అది పనికివచ్చును.

సభలలోనే కాక న్యాయపీఠములపై సైతము ఈ క్రియకు పనిగలదు. అత్యవసరస్థితి కాలమున, 1976 ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు జబల్పూరు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. నిర్బంధింపబడినవాడు తన స్వేచ్ఛకై హైకోర్టు తలుపు తట్టజాలడని నలుగురు న్యాయమూర్తులు పలికిరి. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరు కాదనిరి. 4కు 1. మరుసటి యేట ప్రధానన్యాయమూర్తి పదవి ఆయనను దాటి మరియొకరికి పోయెను. ఆయన రాజీనామా చేసెను. 2017 ఆగస్టులో పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము జబల్పూరు తీర్పు తప్పని తేల్చి, దానిని కొట్టివేసెను. 41 ఏండ్లు అల్పసంఖ్యాకమై యుండిన యొక్క అభిప్రాయము దేశమునకు న్యాయమైనది. ఆయన తన భిన్నాభిప్రాయమును కాగితముపై వ్రాసియుండనిచో రేపటివారు దేనిని పట్టుకొని వెనుకకు నడువగలిగెడివారు? ఓట్లలో తగ్గినవాని మాటను భద్రపరచుట దయగాదు. అది సంస్థకు ఆత్మరక్షణము.

ఇట్లనుచున్నాము గాన మేము లెక్కను తృణీకరించుచున్నామని పాఠకులు తలపరాదు. లెక్క లేని సభ లెక్క గల సభకంటె క్రూరము. ద్యూతసభను తలచుకొనుడు. ద్రౌపది ప్రశ్నకు పెద్దలు మౌనము వహింపగా, చిన్నవాడైన వికర్ణుడు లేచి ఆమె ధర్మవిజిత గాదని చెప్పెను. సభ్యులు పలువురు అతనిని మెచ్చి శకునిని నిందించిరని వ్యాసభారతము చెప్పుచున్నది. అంతలో కర్ణుడు కసరెను, సభ చప్పబడెను. ఆనాడు ఓటు తీసియున్నచో వికర్ణుడు ఔట్‌వోట్ అయ్యెడివాడని ఎవరు చెప్పగలరు? బలవంతుని గొంతుముందు పలువురి గొణుగుడు వినబడదు. దానిని వినిపించుటకే ఓటు. బౌద్ధసంఘమువారు దీనిని చక్కగా గ్రహించిరి. వివాదము తెగనప్పుడు శలాకలను పంచి అధికసంఖ్యను బట్టి నిర్ణయించు ‘యేభుయ్యసికా’ యను పద్ధతి వారి వినయపిటకమున గలదు. శలాకలు పంచువాడు పక్షపాతము, ద్వేషము, భయము, మోహము లేనివాడై యుండవలెనని నియమము. లెక్కను వారు ఉపయోగించిరి. లెక్కించువాని శీలమును గూడ వారు లెక్కించిరి.

కావున ఈ క్రియను మనము తెచ్చుకొన్నచో దాని బాధ్యతలతోగూడ తెచ్చుకొనవలెను. ఓట్లలో మించినవారికి మూడు విధులు: ఎదుటివారి మాటను ఓటునకు ముందు వినుట, ఓటునకు పిమ్మట వ్రాసియుంచుట, ఓటునకు పెట్టరాని ప్రాథమిక స్వత్వములను ఓటునకు పెట్టకుండుట. తగ్గినవారికిని మూడు విధులు: నిర్ణయమునకు లోబడుట, సభను విడువకుండుట, మరల వాదించుటకు సిద్ధపడుట. పంచాయతీ సభలోనైనను, సహకారసంఘములోనైనను, పార్లమెంటులోనైనను ఇవి యొక్కటియే.

ఇక తెనుగు మాట సంగతి. ‘ఓడించిరి’, ‘ఓడిపోయిరి’ అనుట ఎన్నికలలో నిలిచిన అభ్యర్థులకు చెల్లును. సభలో భిన్నాభిప్రాయము పలికినవారిని గూర్చి వ్రాయునప్పుడు ‘ఓట్లలో తగ్గిరి’ అని వ్రాయుదుము గాక. మాట చిన్నది, కాని ఓట్లు తగ్గినవని చెప్పుటయే తప్ప మనిషి తగ్గెనని చెప్పదు. మరునాడు సభకు అతడు వచ్చి కూర్చుండుటకు ఆ మాత్రము మర్యాద చాలును.